శివారు చేనుకు వంతు: రోజువారీ పనుల మధ్య కళకు సమయం ఎలా కేటాయించుకోవాలి?

పాలకొల్లు నుంచి అమలాపురం వరకు నన్ను ఎరిగినవాళ్లు ఎక్కడ కలిసినా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఉద్యోగం, ఇల్లు, తోట చూసుకుంటూ బొమ్మలకు మీకు సమయం ఎక్కడ దొరుకుతోందండీ?" ఇలా అడిగేవారిలో వీణ నేర్చుకుని, పెళ్లయ్యాక దానికి గవిసెన వేసి అటక ఎక్కించినవారు ఉన్నారు, కాలేజీ రోజుల్లో కథలు రాసి, ఇప్పుడు రొయ్యల చెరువు గట్టు మీద రాత్రింబవళ్లు గడుపుతున్నవారు ఉన్నారు, పిల్లల డ్రాయింగు పుస్తకంలో ఏనుగు బొమ్మ దిద్దుతూ తమ చేయి ఇంకా పోలేదని ఆశ్చర్యపోయినవారు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే కన్న ఒకచోట రాసిపెట్టడం మేలని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను చిత్రకారుణ్నని చెప్పుకోను. ఇల్లు సఖినేటిపల్లి వైపు, కార్యాలయం నర్సాపురంలో. రోజూ పంటు మీద, అంటే మనుషులనూ బళ్లనూ దాటించే పెద్ద పడవ మీద, గోదావరి దాటి వెళ్లివచ్చే గుమాస్తాను. పన్నెండేళ్లుగా బొమ్మలు వేస్తున్నాను. నలుగురికీ చూపించదగినవి వాటిలో కొన్నే ఉన్నా, వేయడం మాత్రం మానలేదు. మానకుండా ఉండటం ఎలాగో నాకు తెలుసు కనుక అంతవరకే చెబుతాను.

"సమయం మిగిలితే వేస్తాను" అనే మాటతోనే చిక్కంతా మొదలవుతుంది. దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, గోదావరిలో నీరు తగ్గినప్పుడు కాలువలకు వంతులు పెట్టడం మన రైతులందరికీ తెలుసు. వంతు లేకపోతే ఎగువ చేలన్నీ తడిసిన తరువాత మిగిలినదే శివారు చేనుకు రావాలి. అలా మిగిలి వచ్చిన నీటితో శివారులో పంట పండిన ఏడాది నాకైతే గుర్తులేదు. ఎగువ రైతు దొంగ కాడు, అతని చేనుకూ నీరు కావాలి. వంట, ఉద్యోగం, పిల్లల చదువు, పెద్దల మందులు ఎగువ చేలు. కళ శివారు చేను. దానికి నీరు మిగలదు కాబట్టి వంతు పెట్టుకోవాలి. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి వెళదాం.

కావలసినవి

• ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు.

• గోడకు తగిలించే తెలుగు క్యాలెండరు. తిథులూ పండుగలూ కూడా అవసరం కనుక ఉత్త అంకెల క్యాలెండరు చాలదు.

• మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి.

• మీ కళకు కావలసిన కనీస సామగ్రి. బొమ్మలకైతే 2బి పెన్సిలు, నల్ల ఇంకు పెన్ను, అరచేతి కన్న కాస్త పెద్దదైన మందపాటి కాగితాల పుస్తకం, పన్నెండు రంగుల బిళ్లల పెట్టె, గుండ్రటి కుంచె ఒకటి, నీళ్లకు కొబ్బరి చిప్ప. సంగీతానికి శ్రుతిపెట్టె లేదా ఫోనులో శ్రుతి. రచనకు పుస్తకం, పెన్ను. అల్లికకు లేసు సూది, ఒక దారపు ఉండ.

• ఇంట్లో కనీసం ఒకరి ఒప్పుదల. చివర రాశాను గాని నిజానికి అన్నిటికన్నా ముందు కావలసినది ఇదే. ఐదో మెట్టులో వివరంగా చెబుతాను.

ప్రత్యేకమైన గది, ఖరీదైన స్టాండు, కొత్త ఫోను, ఆన్‌లైను తరగతుల రుసుము అవసరం లేదు. ఇవి కొనుక్కున్నవారిలో చాలామంది కొనడంతోనే పని మొదలుపెట్టిన తృప్తి పొంది అక్కడే ఆగిపోవడం చూశాను.

1. ఏడు రోజుల లెక్క రాయండి

వారం రోజులపాటు ఏమీ మార్చకుండా, రోజుకు మూడుసార్లు, అంటే మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు, అప్పటివరకు ఏ వేళ ఏమి చేశారో నోటు పుస్తకంలో రాయండి. ఏమి చేయవలసిందో కాదు, ఏమి జరిగిందో రాయాలి. "టీవీ ముందు నలభై నిమిషాలు" అని రాయడానికి సిగ్గుపడితే ఈ లెక్కకు అర్థమే లేదు. ఫోను ఎంతసేపు చూశారో మీ అంచనా రాయకండి. ఆ లెక్క ఫోను సెట్టింగులలోనే ఉంటుంది, అది చూసి రాయండి.

వారం ముగిశాక పుస్తకం తెరిచి రెండు రకాల చోట్ల కింద గీత గీయండి. మొదటిది రోజూ ఒకే వేళకు జరిగే పని: పాలు పోయించుకోవడం, బడి బస్సు రావడం, దీపం పెట్టడం. రెండవది ఎదురుచూపు: పంటు కోసం, బస్సు కోసం, డాక్టరు దగ్గర చీటీ పిలుపు కోసం. నా లెక్కలో తేలినది ఏమిటంటే, రేవులో పంటు కోసం నిలబడటమూ పంటు మీద నిలబడటమూ కలిపి రోజుకు దాదాపు యాభై నిమిషాలు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ సమయాన్ని నేను పంటును తిట్టడానికి వాడుకున్నాను.

సరిచూసుకోవడం: ఏ రోజులోనైనా రెండు గంటలకు మించి లెక్క తెలియని ఖాళీ ఉంటే, ఆ రోజును వచ్చే వారం మళ్లీ రాయండి.

2. పనిని ముక్కలు చేయండి

నర్సాపురం లేసు అల్లే స్త్రీలను చూడండి. పెద్ద బల్లగుడ్డను ఎవరూ ఒక్క బిగిని అల్లరు. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు అంచు అల్లుతారు, తరువాత ఇంకొకరు వాటిని కలుపుతారు. దాన్ని అతుకుపని అంటారు. పువ్వు చిన్నది కనుక పొయ్యి మీద పాలు పొంగినా, గేదె కట్టు తెంచుకున్నా, సూది అక్కడే గుచ్చి లేచిపోవచ్చు. తిరిగి వచ్చాక ఎక్కడ ఆపారో వేలికే తెలుస్తుంది.

మీ పనికి కూడా అలాంటి పువ్వును నిర్ణయించుకోండి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలలో పూర్తయ్యేది, నడుమ లేవవలసి వస్తే ఒక్క నిమిషంలో పక్కన పెట్టగలిగేది అయి ఉండాలి. "గోదావరి గట్టు దృశ్యం" అనేది ముక్క కాదు. "గట్టు మీద కట్టిన పడవ, గీతలు మాత్రమే" అనేది ముక్క. మరునాడు "అదే పడవ, నీడలు మాత్రమే" ఇంకొక ముక్క. సంగీతం నేర్చినవారు వర్ణం మొత్తం పెట్టుకోకుండా పల్లవి ఒక్కటే మూడు కాలాలలో పాడుకోవచ్చు. కథ రాసేవారు కథ అనుకోకుండా ఒక మనిషి ఒక గదిలోకి వచ్చి ఒక మాట అనేంతవరకు రాసుకోవచ్చు.

పరీక్ష చాలా సులభం. ముక్క పేరు పుస్తకంలో ఒకే వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో "మరియు", "తరువాత" వంటి మాటలు వస్తే అది రెండు ముక్కలు, విడగొట్టండి.

3. ఉన్న పని కొసకు తగిలించండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. మిగిలినవన్నీ దీని మీదే నిలుస్తాయి.

డిసెంబరు 16 ప్రాంతంలో నెలగంట పెట్టినప్పటి నుంచి సంక్రాంతి దాకా మన ఊళ్లలో తెల్లవారేసరికి ప్రతి వాకిట్లోనూ ముగ్గు పడి ఉంటుంది. ముగ్గు వేసే ఇల్లాలికి ఆ నెలలో తీరిక ఎక్కువ అనుకుంటే పొరపాటు. సార్వా (తొలి పంట) ధాన్యం ఇంటికి రావడం, దాళ్వా నాట్లు, పండుగకు ఇల్లు దులపడం, అరిసెల పాకం అన్నీ ఆ నెలలోనే ఉంటాయి. అయినా ముగ్గు తప్పదు. ఎందుకంటే ఆమె ముగ్గు కోసం విడిగా సమయం వెతుక్కోదు. వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లడం ఎలాగూ ఉన్న పని. ముగ్గు దాని కొసకు ముడిపడి ఉంది. ముగ్గు డబ్బా అరుగు మీదే ఉంటుంది. ఏ ముగ్గు వేయాలో, ఎన్ని చుక్కలు పెట్టాలో, రాత్రే పుస్తకంలో గీసి సరిచూసుకుంటుంది. వాకిలి ఎంతో ముగ్గు అంతే కనుక ఎప్పటికి ముగుస్తుందో ముందే తెలుసు. మరునాటి కళ్లాపికి చెరిగిపోయేదే కనుక ఒక చుక్క తప్పినా బెంగ ఉండదు. నాకు బొమ్మలు నేర్పిన గురువులు వేరే ఉన్నారు గాని, బొమ్మకు వేళ కుదుర్చుకోవడం మాత్రం మా అమ్మ వాకిట్లో చూసే నేర్చుకున్నాను. అది కూడా నలభై ఏళ్లు వచ్చాక.

ఇప్పుడు మొదటి మెట్టులో గీతలు గీసిన పనులలో ఒకదాన్ని ఎంచుకోండి. మీ కళను తగిలించే మేకు అదే. అది ప్రతిరోజూ జరగాలి; దాని వేళ మరొకరి ఇష్టాన్ని బట్టి మారకూడదు; అది ముగిసిన వెంటనే కనీసం ఇరవై నిమిషాలు మిమ్మల్ని ఎవరూ పిలవని వీలు ఉండాలి. పిల్లల బడి బస్సు కదిలిన క్షణం, సంధ్యాదీపం పెట్టిన తరువాత, పంటు ఎక్కి సైకిలు స్టాండు వేసిన తరువాత, ఇలాంటివి బాగా నిలుస్తాయి. "రోజూ ఏడు గంటలకు" అని గడియారానికి తగిలించడం కన్న "దీపం పెట్టాక" అని పనికి తగిలించడం మేలు, ఎందుకంటే పని జరిగి తీరుతుంది, గడియారం మాత్రం మనం చూడకపోయినా తిరుగుతూనే ఉంటుంది.

హెచ్చరిక: ఎక్కువమంది ఎంచుకునేదీ, ఎక్కువమందికి విఫలమయ్యేదీ "పిల్లలు నిద్రపోయాక". పిల్లల నిద్ర మీ చేతిలో లేదు. వాళ్లు నిద్రపోయేసరికి మీ కళ్లు మీ చేతిలో ఉండవు. మధ్యాహ్న భోజనం తరువాత కూడా అంతే. అన్నం, ముద్దపప్పు, ఆవకాయ తిన్న మనిషి కుంచె పట్టుకుంటే కుంచే నిద్రపోతుంది.

వేళలు తారుమారయ్యే ఉద్యోగాల వారికి ప్రత్యామ్నాయం ఉంది. మాకు తెలిసిన ఒకాయన భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉంటాడు. ఆయనకు పగలు రాత్రి, రాత్రి పగలు. మేత వేసిన తరువాత, రొయ్యలు ఎంత తిన్నాయో తెలుసుకోవడానికి చెక్‌ట్రే ఎత్తి చూసేలోపు ఉండే సందులో వేణువు సాధన చేస్తాడు. "ఏరేటర్ల హోరులో నా అపస్వరాలు ఎవరికీ వినబడవు కదండీ, అందుకే ధైర్యం," అంటాడు. రోజుకు వేళ మారినా మేతకూ చెక్‌ట్రేకూ నడుమ ఉండే సందు మారదు. ఆయన దానికే తగిలించుకున్నాడు.

సరిచూసుకోవడం: వారం రోజుల లెక్కలో మీరు ఎంచుకున్న పని ఆరు రోజులైనా జరిగి ఉండాలి. నాలుగు రోజులే జరిగితే అది గట్టి మేకు కాదు, మరొకటి చూడండి.

4. డబ్బాను మేకు పక్కనే పెట్టండి

దీపం పెట్టాక వేసేవారి డబ్బా దేవుడి గది పక్క గూటిలో ఉండాలి, పంటులో వేసేవారిది క్యారేజీ సంచిలో ఉండాలి. బీరువాలో, పడకగదిలో, అటక మీద ఉన్న సామగ్రి ఊళ్లో లేనట్టే లెక్క. ఒకసారి గడియారం చూసి పరీక్షించుకోండి: పని ముగిసిన క్షణం నుంచి మొదటి గీత గీసేవరకు రెండు నిమిషాలు దాటకూడదు.

వీణ వంటి పెద్ద వాద్యం ఉన్నవారు దాన్ని గవిసెన తీసి చాప మీద ఉంచగల మూలను చూసుకోవాలి. చిన్న పిల్లలున్న ఇళ్లలో అది కుదరకపోతే వాద్యం వారానికి రెండుసార్లు తీసి, మిగిలిన రోజులలో అదే పాఠాన్ని నోటితో పాడుకోండి.

5. ఇంట్లో మాట్లాడండి, బదులు ఇవ్వండి

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదటి ఆరేళ్లు నేను పొద్దున్నే ఆరింటికి కూర్చుని బొమ్మ వేసేవాణ్ని. నా క్రమశిక్షణకు నాకే ముచ్చటగా ఉండేది. ఒకసారి నా భార్యకు వారం రోజులు జ్వరం వచ్చింది. పాలు కాచడం, పిల్లల క్యారేజీలు, మా అమ్మకు పరగడుపు మాత్రలు, కుళాయి నీళ్లు పట్టడం, అన్నీ ఆ ఆరింటి నుంచి ఏడున్నర లోపలే ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఆ వారం ఒక్క గీత పడలేదు. కోలుకున్నాక ఆమె ఒకే మాట అన్నది: "మీ బొమ్మల వేళ నా పరుగుల వేళండీ." శివారు చేనుకు వంతు అని గొప్పగా చెప్పుకున్నవాణ్ని నేను నిజానికి పక్కవారి తూములోంచి నీళ్లు తిప్పుకున్నాను.

అప్పటి నుంచి పొద్దుటి వేళ వదిలేసి పంటుకు మారాను. క్యారేజీలు కట్టడం నా పని అయింది. సాయంత్రం దీపం పెట్టాక ఆమె చిన్నప్పుడు నేర్చి వదిలేసిన కీర్తనలు పాడుకుంటుంది. ఆ అరగంట పిల్లల హోంవర్కు, తలుపు తట్టినవాళ్లు, ఫోను, అన్నీ నావి.

మీరు మాట్లాడేటప్పుడు మూడు జాగ్రత్తలు పాటించండి. "నాకూ కాస్త సమయం కావాలి" అని పొడిగా అనకుండా, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు అన్నది చెప్పండి. అడిగినదానికి బదులు ఏమి చేస్తారో కూడా చెప్పండి. ఎప్పటికీ అని కాకుండా ఒక మండలం, అంటే నలభై రోజులు చూద్దామని చెప్పండి. నలభై రోజుల దీక్ష అంటే మన ఇళ్లలో ఎవరూ కాదనరు. కోడలు అడగవలసి వస్తే ఇలా అడగవచ్చు: "అత్తయ్యగారూ, సాయంత్రం దీపం పెట్టాక అరగంట బాబును మీరు చూసుకోండి. పొద్దున మీ పూజకు పువ్వులు కోసి, పూజసామాను తోమిపెట్టే పని నాది. నలభై రోజులు చూద్దాం, మీకు ఇబ్బందయితే మానేస్తాను." చివరి వాక్యం చెప్పడానికి చాలామంది భయపడతారు గాని, ఒప్పుదల తెచ్చేది అదే.

హెచ్చరిక: మీరు మగవారైతే, పెద్దగా ఎవరినీ అడగకుండానే మీకు సమయం కుదిరిందంటే, అది ఎవరి వాటాలోంచి వచ్చిందో ఒకసారి వెతకండి.

6. ముగించకుండా ఆపి, రేపటి చీటీ రాయండి

ముక్క పూర్తవగానే తరువాతి ముక్కకు ఒకటి రెండు గీతలు పెట్టి ఆపండి. పక్కన ఒక చిన్న చీటీ రాయండి: "రేపు: పడవ తెడ్డు నీడ." రాత్రే చుక్కలు పెట్టి చూసుకునే ముగ్గుల పుస్తకం చేసే పనే ఇదీ చేస్తుంది. ఖాళీ కాగితం ముందు కూర్చుని ఏమి వేయాలా అని ఆలోచిస్తే ఇరవై నిమిషాలూ ఆలోచనకే సరిపోతాయి. పాడేవారు రేపు ఏ చరణం దగ్గర మొదలుపెట్టాలో గుర్తు పెట్టుకోవాలి; రాసేవారు వాక్యాన్ని సగంలో ఆపడం ఇంకా మంచిది.

7. ఏడాదిని డెల్టా లెక్కన చూసుకోండి

ఏడాది పొడుగునా ఒకే మోతాదు నడుస్తుందని అనుకున్నవారు ఊడ్పుల నాటికే మానేస్తారు. క్యాలెండరు దగ్గర కూర్చుని ముందే గుర్తులు పెట్టుకోండి.

జూన్‌లో కాలువలకు నీరు వదిలినప్పటి నుంచి ఊడ్పులు ముగిసేవరకు పొలం ఉన్నవారికి ఊపిరాడదు. అదే సమయంలో బళ్లు తెరుస్తారు. ఈ రోజులలో ముక్కను సగానికి, అంటే పది నిమిషాలకు తగ్గించండి, మానకండి. వరద రోజులలో పంటు ఆగుతుంది, లంక గ్రామాల వారికి ఇల్లు కదలవలసి కూడా వస్తుంది. అప్పుడు డబ్బాను ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టి, వంతును వదిలేయండి. గట్టు మీద ఇసుక బస్తాలు మోస్తున్న మనిషికి సాధన గురించి ఎవరూ చెప్పకూడదు.

కార్తీకంలో తెల్లవారుజాము స్నానాలూ దీపాలూ వేళలను మార్చేస్తాయి. పాత వేళనే పట్టుకుని వేలాడకుండా, ఆ నెలకు మాత్రం మేకును కార్తీక దీపానికి మార్చుకోండి. సంక్రాంతి మూడు రోజులూ, చుట్టాలు ఎక్కువైతే అయిదు రోజులూ, క్యాలెండరులో ముందే సెలవు అని రాసేయండి. కనుమ నాడు కోనసీమలో దేవుడి ప్రభలను అలంకరించి ఊరేగించే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవారు మాత్రం పుస్తకం జేబులో వేసుకోండి; కొబ్బరితోటల మీదుగా వస్తున్న ప్రభను గీయడానికి అయిదు నిమిషాలు దొరికినా చాలు.

పెళ్లిళ్ల ముహూర్తాలు మన ప్రాంతంలో ఆదివారాలను ఎలా మింగేస్తాయో వేరే చెప్పనవసరం లేదు. కనుక పెద్ద పని ఏదైనా తలపెడితే ముహూర్తాలు ఉండని ఆషాఢం, భాద్రపదం, పుష్యం చూసుకోండి. ఆ నెలలను శూన్యమాసాలు అంటారు. కళకు మాత్రం అవే నిండుమాసాలు. ఈ ఉపాయం ఎవరు చెప్పగా నాకు తెలిసిందో గుర్తులేదు గాని, దానివల్ల నాకు దక్కిన ఆదివారాలు చాలా ఉన్నాయి.

8. తేమ నుంచి సామగ్రిని కాపాడండి

వానాకాలంలో మన దగ్గర కాగితం బూజు పడుతుంది, రంగు ఆరదు. చాలామంది ఆసక్తి పోయిందని అనుకుని మానేస్తారు గాని, నిజానికి పాడైనది కాగితం. డబ్బాలో చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి. లేకపోతే దోరగా వేయించి చల్లార్చిన బియ్యం గుడ్డమూటలో కట్టి పెట్టి, వారానికొకసారి మళ్లీ వేయించండి. రంగు పూర్తిగా ఆరకుండా పుస్తకం మూయకండి. ఒక మూల నీటి చుక్క వేసి చూడండి: అద్దుడు కాగితంలా వెంటనే మచ్చలు మచ్చలుగా ఇంకిపోతే ఆ కాగితం ఇక నీటిరంగులకు పనికిరాదు; పెన్సిలుకు వాడుకోండి. ముసురు పట్టిన రోజులలో రంగు జోలికి పోకుండా ఇంకు పెన్నుతోనే వేయడం ఉత్తమం.

వీణ, వయొలిన్ ఉన్నవారు వాయించిన తరువాత తీగలను పొడిగుడ్డతో తుడవాలి. చెమ్మ ఎక్కే గోడకు ఆనించి పెట్టకూడదు.

9. తప్పిన వంతును కూడబెట్టకండి

జరిగిన రోజున క్యాలెండరు గడిలో ఒక చుక్క పెట్టండి. తప్పిన గడిని ఖాళీగా వదిలేయండి, కారణం రాయకండి. నిన్న తప్పింది కనుక ఈరోజు నలభై నిమిషాలు అని లెక్క వేస్తే, రేపటికి అది అరవై అవుతుంది, ఎల్లుండికి మీరు డబ్బా వైపు చూడటానికే జంకుతారు. రెండు రోజులు వరుసగా తప్పితే మూడో రోజు ముక్కను సగం చేసి, అయిదు నిమిషాలైనా సరే, చుక్క పెట్టండి.

తరచు జరిగే పొరపాట్లు

ఆదివారం కోసం కాచుకోవడం మొదటిది. ఆదివారం మార్కెట్టుకూ, తలంటుకూ, చుట్టాలకూ చెందినది. దానిలో మీకు ఏమైనా దక్కితే లాభం అనుకోండి.

ఉద్యోగం వదిలితేనే కళ అనుకోవడం మరొకటి. రాజమండ్రిలో ఆంగ్లేయుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేస్తూనే బొమ్మలు వేశారు, దామెర్ల రామారావును, అడివి బాపిరాజును ఆ దారిలో ప్రోత్సహించారు. న్యాయశాస్త్రం చదివిన బాపిరాజు చిత్రకళనూ రచననూ రెండింటినీ వదలలేదు. రిటైరయ్యాక చూసుకుందామనేవారికి మాత్రం నేను రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లి రమ్మని చెబుతాను. ఆయన 1897లో పుట్టి 1925లో పోయారు. ఆ గోడల మీద ఉన్న ఆయన బొమ్మలన్నీ ఆ కొద్ది ఏళ్లలో వేసినవే.

వీడియోలు చూడటాన్ని సాధన కింద లెక్కవేసుకోవడం నేటి పొరపాటు. చూడండి, కాని మీ వంతు వేళలో కాదు.

మొదటి బొమ్మ నుంచే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం వల్ల ఇంకొక చిక్కు వస్తుంది. నాలుగో రోజుకే ఎవరో ఒకరు "మా నాన్నగారి ఫొటో చూసి గీసిపెట్టరా బాబూ" అంటారు. ఒప్పుకుంటే మీ వంతు వాళ్లదవుతుంది. డబ్బు ఇస్తామన్నా తొందరపడకండి. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అల్లే స్త్రీల పనిని "తీరిక వేళల్లో చేసుకునేదే కదా" అని తరతరాలుగా తీసిపారేసినందువల్ల వారి చేతికి వచ్చిన కూలి మాత్రం పనికి తగినట్టు లేదు. అమ్మదలచుకుంటే పని వేళలు, ధర విడిగా నిర్ణయించుకుని అమ్మండి. సాధన వేళలో అమ్మకం పని చేయకండి.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి?

మొదటి రోజున ఇంట్లోని ఒక వస్తువును, ఉదాహరణకు మీ మరచెంబును, ఇరవై నిమిషాలలో గీసి తేదీ వేసి దాచండి. నలభయ్యో రోజున దాన్ని చూడకుండా అదే చెంబును మళ్లీ గీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టండి. మూతి అంచు గుండ్రంగా వచ్చిందా, చెంబు నేల మీద కూర్చున్నట్టుందా, గాలిలో తేలుతున్నట్టుందా చూడండి. పాడేవారు మొదటి రోజునా చివరి రోజునా అదే పల్లవిని ఫోనులో పట్టి వినాలి.

తరువాత చుక్కలు లెక్కపెట్టండి. నలభై గడులలో ఇరవై అయిదు దాటితే మీ వంతు నిలిచినట్టే. పదిహేను నుంచి ఇరవై అయిదు వరకు ఉంటే, ఖాళీ గడులు వారంలో ఏ రోజున ఎక్కువగా ఉన్నాయో చూడండి. సాధారణంగా వారంలో ఒకే రోజు పదే పదే కనిపిస్తుంది, ఆ రోజుకు వేరే మేకు కావాలి. పదిహేను లోపు ఉంటే లోపం మీ పట్టుదలలో లేదు, ఎంచుకున్న మేకులో ఉంది.

ఇంట్లో మీకు ఒప్పుదల ఇచ్చినవారిని కూర్చోబెట్టి, ఈ నలభై రోజులలో వారి పని పెరిగిందా అని అడగండి. "ఏముందిలే" అని దాటవేస్తే పెరిగిందనే అర్థం. బదులు ఇచ్చే పనిని మార్చండి.

ఏదీ కుదరకపోతే మార్పులు ఈ వరుసలో చేయండి: ముందు మేకును, అది చాలకపోతే ముక్క పరిమాణాన్ని, అదీ చాలకపోతే డబ్బా చోటును. మూడూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కటి మార్చి, క్యాలెండరులో మరో నలభై గడులు లెక్కపెట్టి, చివరి గడి చుట్టూ సున్నా చుట్టండి.